పిల్లల చెవి, ముక్కు, గొంతు: ఏది ఆగుతుంది, ఏది ఆగదు

మధ్యచెవి నుంచి ముక్కు వెనక భాగానికి ఒక సన్నని నాళం ఉంటుంది. పెద్దవాళ్లలో దాని పొడవు సుమారు 36 మిల్లీమీటర్లు. పుట్టిన బిడ్డలో అందులో సగం, 18 మిల్లీమీటర్లు. పెద్దవాళ్లలో అది దాదాపు 45 డిగ్రీల వాలుతో దిగుతుంది. పసిబిడ్డలో ఆ వాలు 10 డిగ్రీలే, అంటే ఇంచుమించు అడ్డంగా ఉంటుంది. ఇటలీకి చెందిన బార్తొలోమియో యూస్టాచీ 16వ శతాబ్దంలో దీన్ని వివరంగా వర్ణించాడు కాబట్టి యూస్టేషియన్ నాళం అనే పేరు నిలిచింది.

పిల్లలకి చెవిపోటు అంత తరచుగా ఎందుకు వస్తుందన్న ప్రశ్నకి సగం జవాబు ఈ కొలతల్లోనే ఉంది. మిగతా సగం జలుబుల లెక్కలో ఉంది. పెద్దవాళ్లకి ఏడాదికి రెండు మూడు జలుబులు వస్తే, చిన్నపిల్లలకి ఆరు నుంచి ఎనిమిది వస్తాయి. కొత్తగా అంగన్‌వాడీకో ప్లేస్కూలుకో వెళ్లే పిల్లలకి ఇంకా ఎక్కువ. జలుబు చేసినప్పుడల్లా ఆ పొట్టి నాళం వాచి మూసుకుపోతుంది. మధ్యచెవిలో నీరు చేరుతుంది. ముక్కు వెనకున్న క్రిములకి అక్కడికి దారి దగ్గర. అమెరికా లెక్కల ప్రకారం మూడో పుట్టినరోజు నాటికి ప్రతి ఆరుగురు పిల్లల్లో ఐదుగురికి కనీసం ఒక్కసారైనా చెవి ఇన్ఫెక్షన్ వచ్చి ఉంటుంది. ఏడేళ్లు వచ్చేసరికి నాళం పెద్దవాళ్ల ఆకారానికి దగ్గరవుతుంది, చెవిపోట్లు కూడా తగ్గిపోతాయి.

పిల్లల ఈఎన్‌టీ జబ్బుల్లో చాలా వాటికి మందు కాలమే. కొన్నింటికి మాత్రం గంటలు ముఖ్యం, నెలలు ముఖ్యం. మన ఇళ్లలో తరచు ఇది తలకిందులవుతోంది. జలుబుకీ చెవిపోటుకీ మొదటిరోజే యాంటీబయాటిక్ కావాలంటాం. చెవిలోంచి నెలల తరబడి చీము కారుతుంటే పెద్దయ్యాక అదే పోతుందంటాం. రెండేళ్లొచ్చినా మాట రాని బిడ్డని చూసి వాళ్ల నాన్నకీ ఆలస్యంగానే వచ్చాయిలే అని సరిపెట్టుకుంటాం. ఎక్కడ ఆగొచ్చో, ఎక్కడ ఆగకూడదో తేల్చడానికి అంకెలు బాగా పనికొస్తాయి.

ముందు చెవిపోటు సంగతి. రాత్రి పది దాటాక బిడ్డ చెవి పట్టుకుని ఏడుస్తుంటే అమ్మానాన్నలకి కాళ్లూ చేతులూ ఆడవు. అప్పుడు వెంటనే కావలసింది నొప్పి తగ్గించే మందు. పారాసిటమాల్ మోతాదు వయసుని బట్టి కాదు, బరువుని బట్టి వేయాలి. కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు, రోజుకి నాలుగు సార్లకి మించకుండా. 10 కిలోల బిడ్డకి ఒక్కసారికి 100 నుంచి 150 మిల్లీగ్రాములన్నమాట. సిరప్ సీసా మీద 5 మి.లీ.కి 125 మిల్లీగ్రాములని ఉంటే 4 నుంచి 6 మి.లీ. పోయాలి. 250 అని ఉంటే 2 నుంచి 3 మి.లీ. చాలు. రెండు రకాల సీసాలూ ఒకే షాపులో ఒకే అరలో ఉంటాయి కాబట్టి సీసా మీది అంకె చదవకుండా మూతతో కొలిచి పోయకూడదు.

ఇక యాంటీబయాటిక్. పిల్లల చెవిపోటు మీద జరిగిన ప్రయోగాలన్నిటినీ కలిపి కాక్రేన్ సంస్థ చేసిన సమీక్షలో తేలింది ఇది: యాంటీబయాటిక్ వేసినా, మందు లేని ఉత్త సిరప్ ఇచ్చినా, 24 గంటల్లో 60 శాతం పిల్లలకి నొప్పి తగ్గిపోయింది. రెండు మూడు రోజుల నాటికి 20 మందికి యాంటీబయాటిక్ వేస్తే ఒక్కరికి అదనపు మేలు జరిగింది. అదే మందు తీసుకున్న ప్రతి 14 మందిలో ఒకరికి వాంతులో, విరేచనాలో, దద్దుర్లో వచ్చాయి. అందుకే రెండేళ్లు దాటి, మరీ ఎక్కువ జ్వరం లేని బిడ్డని 48 నుంచి 72 గంటలు నొప్పి మందుతో కనిపెట్టి చూడమంటారు పిల్లల డాక్టర్లు. ఆరు నెలల లోపు బిడ్డయినా, రెండేళ్ల లోపు బిడ్డకి రెండు చెవులూ పోటెత్తినా, చెవిలోంచి చీము వచ్చినా, జ్వరం 39 డిగ్రీల సెల్సియస్, అంటే 102 ఫారన్‌హీట్ దాటినా ఈ ఆగడం వర్తించదు. చెవి వెనక ఎముక దగ్గర ఎర్రగా వాచి, చెవి దొప్ప ముందుకి వాలినట్టు కనిపిస్తే అది ఇంట్లో చూసుకునే జబ్బు కానే కాదు, ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి.

నొప్పి తగ్గినంత మాత్రాన చెవి ఖాళీ అయినట్టు కాదు. ఇన్ఫెక్షన్ తగ్గాక కూడా కర్ణభేరి వెనక జిగురు నీరు నిలిచి ఉంటుంది. రెండు వారాల తర్వాత 60 నుంచి 70 శాతం పిల్లల్లో, నెల తర్వాత 40 శాతం మందిలో, మూడు నెలల తర్వాత 10 నుంచి 25 శాతం మందిలో అది ఇంకా ఉంటుంది. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. వినికిడి మాత్రం సగటున 25 డెసిబెళ్లు తగ్గుతుంది. మామూలు మాటల స్థాయి 60 డెసిబెళ్లు, గుసగుస 30. రెండు చెవుల్లో వేళ్లు పెట్టుకుని ఎదుటివాళ్ల మాట వింటే ఎలా ఉంటుందో ఆ బిడ్డకి రోజంతా అలా ఉంటుంది. చివరి బెంచీలో కూర్చున్న ఆ పిల్లవాడికి టీచరు గొంతు వినిపిస్తుంది కానీ మాటల చివరలు వినిపించవు. టీవీ సౌండు పెంచుతాడు, పిలిస్తే పలకడు, డిక్టేషన్‌లో తప్పులు రాస్తాడు. చెప్పిన మాట వినడనీ, ధ్యాస లేదనీ పేరు పడుతుంది. దెబ్బలు తినే పిల్లలూ ఉన్నారు. ఇంతకన్నా అన్యాయం నాకు కనిపించదు. మూడు నెలల గడువు దాటినా నీరు అలాగే ఉండి, రెండు చెవుల వినికిడీ తగ్గితే, కర్ణభేరిలో గ్రోమెట్ అనే చిన్న గొట్టం అమర్చి నీటిని బయటికి పంపే మార్గం చూస్తారు. ఆ మూడు నెలల్లో బిడ్డని ముందు బెంచీలో కూర్చోబెట్టమని టీచర్ని అడగడం తల్లిదండ్రులు చేయగలిగిన పని.

గొంతు దగ్గరికొస్తే, 1934లో న్యూయార్క్‌లో జరిగిన ఒక పరిశీలన గురించి ప్రతి తల్లీ తండ్రీ తెలుసుకోవాలి. అమెరికన్ చైల్డ్ హెల్త్ అసోసియేషన్ 11 ఏళ్ల పిల్లలు వెయ్యి మందిని పరిశీలించింది. వారిలో 611 మందికి అప్పటికే టాన్సిల్స్ తీసేశారు. మిగిలిన 389 మందిని డాక్టర్లకి చూపిస్తే 174 మందికి తీసేయాలన్నారు. అవసరం లేదన్న 215 మందిని మళ్లీ వేరే డాక్టర్లకి చూపించారు, వాళ్లు 99 మందిని ఎంచారు. ఇంకా మిగిలిన 116 మందిని మూడోసారి చూపిస్తే మరో 51 మందికి ఆపరేషన్ కావాలన్నారు. చివరికి వెయ్యి మందిలో టాన్సిల్స్ ఉంచుకోవచ్చని తేలింది 65 మందికి. ప్రతిసారీ దాదాపు 45 శాతం. పిల్లల గొంతులతో సంబంధం లేకుండా, చూసే కళ్లకి ఇంతమందికి తీయాలన్న అలవాటు ఉందన్నమాట.

ఆ అలవాటుకి కళ్లెం వేసింది కూడా అంకెలే. పిట్స్‌బర్గ్‌కి చెందిన జాక్ పారడైజ్ బృందం 1984లో తమ ప్రయోగ ఫలితాలు ప్రచురించింది. అప్పటి నుంచి ఆయన పేరుతో చలామణీ అవుతున్న కొలమానం 7, 5, 3. ఒక ఏడాదిలో ఏడుసార్లు, లేదా వరసగా రెండేళ్లు ఏడాదికి ఐదేసి సార్లు, లేదా మూడేళ్లు ఏడాదికి మూడేసి సార్లు గొంతు ఇన్ఫెక్షన్ వస్తేనే ఆపరేషన్ మాట ఎత్తాలి. ప్రతి ఇన్ఫెక్షన్‌కీ జ్వరమో, మెడలో బిళ్ల కట్టడమో, టాన్సిల్స్ మీద తెల్లని చీము మచ్చలో ఉన్నట్టు డాక్టరు చీటీలో నమోదై ఉండాలి. టాన్సిల్స్ పెద్దవిగా కనిపించడం ఒక్కటే కారణం కాదు, ఆ వయసులో అవి పెద్దవిగానే ఉంటాయి. కాబట్టి ఆ చీటీలన్నీ తేదీలతో సహా ఒక ఫైల్లో దాచడం మంచిది. ఈ ఏడాది ఎన్నిసార్లు అని డాక్టరు అడిగినప్పుడు చాలాసార్లు అన్న జవాబుకీ నాలుగుసార్లు అన్న జవాబుకీ మధ్య ఒక ఆపరేషన్ తేడా ఉండొచ్చు.

పిల్లల గొంతు నొప్పుల్లో ఎక్కువ భాగం వైరస్‌ల వల్లే. దగ్గూ ముక్కు కారడమూ వెంట ఉంటే అది ఇంచుమించు ఖాయం. 20 నుంచి 30 శాతం కేసుల్లో మాత్రం స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా ఉంటుంది. దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. రెండు మూడు వారాల తర్వాత కొంతమంది పిల్లల్లో అది రుమాటిక్ జ్వరంగా మారి గుండె కవాటాలని దెబ్బతీస్తుంది. 5 నుంచి 15 ఏళ్ల పిల్లలకి ఆ ముప్పు ఎక్కువ. మన దేశంలో ఇప్పటికీ కవాటాల ఆపరేషన్లకి అది ఒక పెద్ద కారణం. ఇక్కడ గుర్తుంచుకోవలసిన అంకెలు రెండు. గొంతు నొప్పి మొదలైన 9 రోజుల లోపు మందు మొదలుపెట్టినా రుమాటిక్ జ్వరాన్ని ఆపవచ్చు, కాబట్టి మొదటి సాయంత్రమే మెడికల్ షాపులో అడిగి మందు వేయక్కర్లేదు, డాక్టరు చూసేదాకా ఆగొచ్చు. మొదలుపెట్టాక మాత్రం పెన్సిలిన్ మాత్రలు 10 రోజులూ వాడాలి. మూడో రోజుకి బిడ్డ లేచి ఆడుకుంటున్నాడని ఆపేసే ఇళ్లే ఎక్కువ.

గొంతులో బూడిదరంగు పొర కట్టి, మెడ ఉబ్బితే అది కంఠసర్పి (డిఫ్తీరియా) కావచ్చు. పాతకాలపు జబ్బు అనుకుంటాం కానీ హైదరాబాద్ నల్లకుంటలోని ఫీవర్ ఆసుపత్రి వార్డులకి ఆ పిల్లలు వస్తూనే ఉన్నారు. పసితనంలో వేసిన టీకాల బలం తగ్గిపోతుంది కాబట్టే 16 నుంచి 24 నెలల మధ్య ఒకటి, ఐదారేళ్లకి ఇంకొకటి బూస్టర్ ఉన్నాయి. ఆ రెండోదాన్ని స్కూలు చేరే హడావిడిలో చాలామంది మరిచిపోతారు.

గురక సంగతి వేరు. పదిమంది పిల్లల్లో ఒకరు రోజూ గురక పెడతారు. 1 నుంచి 5 శాతం మందికి నిద్రలో శ్వాస ఆగి ఆగి వస్తుంది. ముక్కు వెనకుండే ఎడినాయిడ్స్ మూడు నుంచి ఏడేళ్ల మధ్య బాగా పెరగడం ఇందుకు ముఖ్య కారణం. నోరు తెరుచుకుని నిద్రపోవడం, ఒళ్లంతా చెమట పట్టడం, మంచం మీద దొర్లుతూ తల వెనక్కి వాల్చడం, పగలు చిరాకు, మళ్లీ పక్క తడపడం దీని ఆనవాళ్లు. 2013లో అమెరికాలో వెలువడిన ఒక ప్రయోగంలో 5 నుంచి 9 ఏళ్ల పిల్లలు 464 మందిని రెండు జట్లు చేశారు. వెంటనే టాన్సిల్స్, ఎడినాయిడ్స్ తీసేసిన జట్టులో ఏడు నెలల తర్వాత 79 శాతం మందికి నిద్ర పరీక్ష మామూలుగా వచ్చింది. ఆపరేషన్ లేకుండా కనిపెట్టి చూసిన జట్టులో 46 శాతం మందికి వచ్చింది. ఆపరేషన్ మేలు చేస్తుందని మొదటి అంకె చెబుతోంది. జబ్బు తీవ్రంగా లేకపోతే కొన్ని నెలలు ఆగడంలో తప్పు లేదని రెండోది చెబుతోంది. నిద్రలో శ్వాస ఆగడం కళ్లారా చూసిన తల్లి మాత్రం ఫోన్‌లో రెండు నిమిషాల వీడియో తీసి డాక్టరుకి చూపిస్తే, మాటల్లో చెప్పలేనిది అందులో తెలుస్తుంది.

ముక్కు విషయంలో ఎక్కువగా భయపెట్టేది రక్తం కారడం. మండు వేసవిలో ముక్కు లోపలి పొర ఎండిపోతుంది, బిడ్డ వేలు పెడతాడు, రక్తం వస్తుంది. పదింట తొమ్మిదిసార్లు అది ముక్కు దూలం ముందు భాగంలోని సన్నని నాళాల నుంచే వస్తుంది. తల వెనక్కి వాల్చకూడదు, రక్తం గొంతులోకి దిగి వాంతి అవుతుంది. బిడ్డని ముందుకి వంచి కూర్చోబెట్టి, ముక్కు మెత్తని భాగాన్ని రెండు వేళ్లతో 10 నిమిషాలు వదలకుండా నొక్కి పట్టుకోవాలి. మధ్యలో తీసి చూస్తే లెక్క మళ్లీ మొదటి నుంచి. ఇక చీమిడి పచ్చగా మారితే బ్యాక్టీరియా చేరిందనుకుంటారు, కానీ జలుబు ముదిరినప్పుడు అలా మారడం మామూలే. చూడవలసింది రంగు కాదు, రోజులు. పదిరోజులు దాటినా ఏమాత్రం తగ్గకపోతే సైనస్ ఇన్ఫెక్షన్‌ని అనుమానించాలి.

ఒకే పక్క ముక్కులోంచి దుర్వాసనతో చీము కారుతుంటే జలుబు మందులు వేయక్కర్లేదు, లోపల ఏదో ఇరుక్కుని ఉంటుంది. శనగగింజ, చింతగింజ, పూస, రబ్బరు ముక్క, బలపం. పూస లాంటిది అప్పుడే పెట్టుకున్నట్టు తెలిస్తే తల్లి ఒక పని చేయొచ్చు. బిడ్డ నోటి మీద తన నోరు ఆనించి, రెండో ముక్కు రంధ్రాన్ని వేలితో మూసి, ఒక్కసారి ఊదాలి. దాదాపు 60 శాతం సందర్భాల్లో అది బయటికి వచ్చేస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి. పిన్నీసుతోనో పుల్లతోనో తీయబోతే ఇంకా లోపలికి వెళుతుంది. చెవిలో గింజ పడితే నీళ్లు కొట్టకూడదు, ఉబ్బి ఇంకా బిగుసుకుంటుంది.

బటన్ బ్యాటరీ మాత్రం ఈ లెక్కల్లో దేనికీ లొంగదు. రిమోట్లలో, పాటలు పాడే బొమ్మల్లో, బరువు తూచే యంత్రాల్లో ఉండే 20 మిల్లీమీటర్ల లిథియం బిళ్లలో ఉండేది 3 వోల్టులే. తడి కండకి తగలగానే దానిలోంచి పారే కరెంటు అక్కడే గాఢమైన క్షారాన్ని పుట్టిస్తుంది. అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లో తీవ్రమైన గాయం అవుతుంది. ముక్కులో ఉంటే కొన్ని గంటల్లోనే దూలానికి చిల్లు పడుతుంది. ఎక్స్‌రేలో అది రూపాయి నాణెంలా కనిపిస్తుంది, అంచు చుట్టూ రెండో గీత ఉందా అని చూస్తేనే తేడా తెలుస్తుంది. మింగినట్టు అనుమానం ఉంటే ఏడాది దాటిన బిడ్డకి ఆసుపత్రికి వెళ్లే దారిలో పది నిమిషాలకోసారి రెండు టీస్పూన్ల తేనె, ఆరుసార్లకి మించకుండా ఇవ్వొచ్చని అమెరికాలోని విష చికిత్సా కేంద్రాలు చెబుతున్నాయి. తేనె కోసం వెతుకుతూ ఆగకూడదు. వాంతి చేయించకూడదు. ముక్కులోనో చెవిలోనో ఉంటే ఏ చుక్కలూ వేయకూడదు. పల్లీలు తింటూ ఆడుతున్న బిడ్డకి ఒక్కసారిగా ఉక్కిరిబిక్కిరయ్యేంత దగ్గు వచ్చి, తర్వాత సద్దుమణిగినా సరే, ఛాతీ పరీక్ష జరిగి తీరాలి. గింజ ఊపిరి గొట్టంలోకి దిగి కూర్చుంటే దగ్గు కాసేపు ఆగుతుంది. నాలుగేళ్ల లోపు పిల్లల చేతికి పల్లీలూ పుట్నాలూ గింజల్లా ఇవ్వకపోవడమే మేలు.

తలంటు పోసే రోజు చెవుల్లో గోరువెచ్చని నూనె పోయడం మనకి తరాల అలవాటు. ప్రేమతో చేసే పనే. కానీ కర్ణభేరికి చిల్లు ఉందో లేదో పోసేవాళ్లకి కనిపించదు. చిల్లు ఉంటే నూనె నేరుగా మధ్యచెవిలోకి దిగుతుంది, తడి నిలిస్తే బూజు పెరుగుతుంది. గుబిలి దానంతట అదే బయటికి జరుగుతుంది. దూది పుల్లలు దాన్ని లోపలికి తోస్తాయి. అమెరికాలో 1990 నుంచి 2010 వరకూ 21 ఏళ్లలో ఆ పుల్లల వల్ల చెవి గాయాలతో ఎమర్జెన్సీకి వచ్చిన పిల్లలు సుమారు 2,63,000 మంది, రోజుకి 34 మంది.

చీము కారే చెవి గురించి ఇంకాస్త గట్టిగా చెప్పాలి. ప్రపంచవ్యాప్తంగా 6.5 కోట్ల నుంచి 33 కోట్ల మందికి చెవిలోంచి చీము కారుతోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2004లో అంచనా వేసింది. జనాభాలో 4 శాతానికి పైగా ఈ జబ్బున్న దేశాల వరసలో భారత్‌ని చేర్చింది. కిక్కిరిసిన ఇళ్లు, పొగ, సగం వైద్యం దీన్ని పెంచుతాయి. చెవిని పొడిగా ఉంచడం, స్నానం చేసేటప్పుడు వాజలీన్ రాసిన దూది పెట్టడం, చెరువుల్లో కాలువల్లో మునగకపోవడం, డాక్టరు రాసిన చుక్కలు వేయడం: మొదట్లో వైద్యం ఇంతే, ఖర్చు కూడా తక్కువే. చీము కుళ్లు వాసన వేస్తే, తల తిరిగితే, మూతి ఒక పక్కకి లాగితే జబ్బు ఎముకని తొలుస్తోందని అర్థం. అక్కడి నుంచి మెదడు ఎంతో దూరం లేదు. హైదరాబాద్‌లో కోఠి ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి, విశాఖపట్నంలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఇలాంటి చెవుల కోసమే ఉన్నాయి.

అన్నిటికన్నా ఎక్కువ ఆలస్యం జరిగేది పుట్టుచెవుడు దగ్గర. వెయ్యి మంది శిశువుల్లో ఒకరి నుంచి ముగ్గురు తీవ్రమైన వినికిడి లోపంతో పుడతారు. రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి ఏటా పది లక్షలకి పైగానే కాన్పులు జరుగుతాయి. పది లక్షలే అనుకున్నా ఇది వెయ్యి నుంచి మూడు వేల మంది పిల్లల మాట. పుట్టుచెవుడు కేసుల్లో సగం జన్యువుల వల్ల వస్తాయి. వాటిలో ఎక్కువ శాతం తల్లిదండ్రులిద్దరూ ఒకే లోపాన్ని బయటికి తెలియకుండా మోస్తున్నప్పుడు బిడ్డకి వచ్చేవే. అలాంటి జంటకి ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ముప్పు. మేనరికాలు ఇప్పటికీ మామూలుగా జరిగే మన ప్రాంతంలో ఈ లెక్క చాలా ఇళ్లకి నేరుగా తగులుతుంది. గర్భిణికి రుబెల్లా సోకడం ఇంకో కారణం. ఎంఆర్ టీకాతో దాన్ని ఆపొచ్చు.

దీనికి 1, 3, 6 అనే లెక్క ఉంది. నెల లోపు పరీక్ష, మూడు నెలల లోపు నిర్ధారణ, ఆరు నెలల లోపు వినికిడి యంత్రమూ శిక్షణా. కొలరాడోలో 150 మంది పిల్లల మీద చేసిన పరిశోధన 1998లో వెలువడింది. ఆరు నెలల లోపు లోపం తేలిన పిల్లల భాష, ఆ తర్వాత తేలిన పిల్లల కన్నా స్పష్టంగా మెరుగ్గా ఉంది. పరీక్ష లేని చోట చెవుడు బయటపడేది సాధారణంగా రెండేళ్లు దాటాకే. అప్పటికి మెదడు మాట నేర్చుకునే మేలైన కాలం కొంత జారిపోతుంది. ఓఏఈ అనే ఆ పరీక్షలో నిద్రపోతున్న బిడ్డ చెవిలో చిన్న మొన పెడతారు, కొన్ని నిమిషాల్లో అయిపోతుంది, నొప్పి ఉండదు. కాన్పు జరిగిన చోట దాన్ని అడిగి చేయించుకోవాలి. తల్లి పక్కన పళ్లెం మోగించి చూడటం పరీక్ష కాదు, బిడ్డ ఆ అదురుకో, కదలికకో కూడా తిరగొచ్చు.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకి ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకి ఒకసారి రావాలి. చెవుడూ చెవి జబ్బులూ వాళ్లు చూడవలసిన జాబితాలో ఉన్నాయి. లోపలి చెవిలో అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ అనే పరికరాన్ని ఉమ్మడి రాష్ట్రంలోనే ఆరోగ్యశ్రీలో చేర్చారు. కేంద్రం నడిపే ఏడిప్ పథకంలో కూడా దానికోసం ఐదేళ్ల లోపు పిల్లలకి సాయం ఉంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో వినికిడి లోపం ఉన్నవారి కోసం పనిచేసే అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా ఉంది.

అయితే పరికరం అమర్చడంతో పని పూర్తికాదు. వినిపించే శబ్దాన్ని మాటగా గుర్తుపట్టడం బిడ్డకి కొత్తగా నేర్పాలి, ఏడాదికి పైగా, వారం వారం. ఆ శిక్షణ ఇచ్చే స్పీచ్ థెరపిస్టులు ఎక్కువగా పెద్ద ఊళ్లలోనే ఉన్నారు. కూలి మానుకుని, బస్సు చార్జీలు పెట్టుకుని, బిడ్డని ఎత్తుకుని వారం వారం జిల్లా కేంద్రానికి వచ్చే తల్లికి ఆ ఏడాది ఎలా గడుస్తుందన్నది ఆపరేషన్ ఖర్చంత పెద్ద ప్రశ్న. లక్షలు పెట్టి ఇంప్లాంట్ ఇస్తున్న ప్రభుత్వాలు ఆ ప్రయాణాల ఖర్చు కూడా భరించాలి, థెరపిస్టుని మండలం దాకా పంపాలి.